పారిస్, వియన్నా: హద్దు ఎక్కడ గీసి పోల్చాలి?

అందరికీ నమస్కారం. ఎం.ఏ. జాగ్రఫీ ప్రాజెక్టు కోసం పారిస్, వియన్నా నగరాలను పోలుస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు దయచేసి దారి చూపించండి.

రెండు నగరాల జనాభా ఇంచుమించు 20 లక్షలు. కానీ పారిస్ విస్తీర్ణం సుమారు 105 చదరపు కిలోమీటర్లు, వియన్నాది 415. ఈ లెక్కన పారిస్‌ జనసాంద్రత నాలుగు రెట్లు ఎక్కువ అని తేలుతుంది. ఇది న్యాయమైన పోలిక కాదనిపిస్తోంది. వియన్నా హద్దుల్లో ద్రాక్షతోటలు, అడవులు కూడా ఉన్నాయి. పారిస్ హద్దు మాత్రం చాలావరకు పెరిఫెరిక్ రింగ్ రోడ్డు దగ్గరే ఆగుతుంది. ఆ రోడ్డు దాటినా ఇళ్లు ఆగవు, ఊరి పేరు మారుతుందంతే.

నాకు బాగా నచ్చింది గోడల కథ. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞతో వియన్నా పాత కోటగోడలు కూల్చి, అక్కడ రింగ్‌స్ట్రాసె అనే వలయాకార రోడ్డు వేశారు. బయటి గోడ ఉన్నచోట ఇప్పుడు గ్యూర్టెల్ రోడ్డు ఉంది. మ్యాప్ మీద వేలితో గీస్తే రెండు వలయాలూ స్పష్టంగా తెలుస్తాయి. పారిస్‌లో 19వ శతాబ్దపు కోటగోడ పట్టీ వెంబడే పెరిఫెరిక్ వచ్చింది, 1973లో పూర్తయింది.

మరి పారిస్‌ను చుట్టూ ఉన్న మూడు డిపార్ట్‌మెంట్లతో (ఫ్రాన్స్‌లో మన జిల్లాల్లాంటివి) కలిపి మొత్తం వియన్నాతో పోల్చాలా? లేక గ్యూర్టెల్ లోపలి వియన్నానే తీసుకోవాలా? కట్టడాలున్న నేల వరకే లెక్కగడితే ఒప్పుకుంటారా? ఇంకొక్క సందేహం. సెన్ నది పారిస్ నడిమధ్య నుంచి పారుతుంది, డాన్యూబ్ ప్రధాన పాయ వియన్నా పాత ఊరికి దూరంగా ఉంటుంది. ఈ తేడాను విడి అధ్యాయంగా రాయాలా, ఇందులోనే కలపాలా? ఇలాంటి పని చేసినవాళ్లు మీరు ఏ పద్ధతి ఎంచుకున్నారో, ఎందుకో చెప్పండి.