వైన్స్ పర్మిట్ రూమ్ న్యూసెన్స్: లైసెన్స్ విషయంలో వార్డుకి, పంచాయతీకి మాట ఉండాలా వద్దా?

ముగ్గు_వాకిలి
హైదరాబాద్ శివార్లలో కాలనీ మాది. డిసెంబర్‌లో మా మలుపు మీద కొత్త వైన్స్ పడ్డది, 2025-27 మద్యం పాలసీ లాటరీ డ్రాలో వచ్చిందట, పక్కనే రేకుల షెడ్డులో పర్మిట్ రూమ్, అంటే కొన్నోళ్లు అక్కడే తాగే గది. షాపు ఎక్కడో ఒక దగ్గర ఉంటదని నాకూ తెలుసు, నా గోసంతా సాయంత్రం ఆరున్నర తర్వాతది. షెడ్డు నిండితే మిగిలినోళ్లంతా రోడ్డు మీదికే, చికెన్ పకోడి బండి చుట్టూ బైకులు అడ్డం పెట్టి మా ప్రహరీ గోడ మీద ప్లాస్టిక్ గ్లాసులు వరుసగా పేర్చుకుని తాగుతారు. పొద్దున్నే ముగ్గెయ్యడానికి వస్తే అదే జాగలో నీళ్ల ప్యాకెట్లు, నమిలి ఊసిన ఎముకలు, గేటు పక్కన మూత్రం వాసన. బ్లీచింగ్ చల్లీ చల్లీ గోడ వారన మల్లె తీగ ఎండిపోయింది. పాప టెన్త్, ట్యూషన్ నుంచి ఏడున్నరకి వస్తది, ఇప్పుడు వెనక సందులోంచి చుట్టు తిరిగొస్తుంది, ఎందుకమ్మా అంటే ఏం లేదులే అంటది.

మున్సిపాలిటీకి పోతే లైసెన్స్ ఎక్సైజ్ వాళ్లది అన్నరు. ఎక్సైజ్‌కి పోతే షాపు లోపలిదే మాది, రోడ్డు మీద తాగితే పోలీసులది అన్నరు. 100కి ఫోన్ చేస్తే బండి వచ్చి సైరన్ కొట్టింది, అందరూ చెదిరిపోయిన్రు, బండి మలుపు తిరగంగనే మళ్లీ చేరిన్రు. అసలు షాపు పెట్టేముందే వార్డు వాళ్ల ఎన్‌వోసీ, అంటే మాకు అభ్యంతరం లేదన్న కాగితం, తప్పనిసరి చేయాలి. ఏమంటారు?

లైసెన్స్_పార్ట్‌నర్
నేను ఈ వ్యాపారంలోనే ఉన్నా మేడం, మీ బాధ అబద్ధం అనను. కానీ మా లెక్క కూడా చూడండి. అప్లికేషన్‌కి 3 లక్షలు, డ్రాలో రాకపోతే తిరిగి రావు. 2025 డ్రాలో 2,620 షాపులకి 95 వేల పైచిలుకు అప్లికేషన్లు పడ్డాయి, అమ్మకం మొదలు కాకముందే ఫీజుల్లోనే ప్రభుత్వానికి 2,850 కోట్ల దాకా వచ్చింది. షాపొస్తే ఏరియా జనాభాని బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి 1.10 కోట్లు, పర్మిట్ రూమ్ ఖర్చు కూడా ఉంటుంది. ఇంత కట్టాక ఎన్‌వోసీ అని ఒక కార్పొరేటర్ చేతిలో సంతకం పెడితే ఏమవుతుంది, ప్రతి ఏడాదీ ఆయన మనిషి వచ్చి నిలబడతాడు, న్యూసెన్స్ అలాగే ఉంటుంది, మామూలు ఒకటి పెరుగుతుంది అంతే. అయినా రోడ్డు మీద నిలబడినోణ్ణి నేనెట్లా లేపాలి, నా చేతిలో లాఠీ లేదు కదా.

కృష్ణా_డెల్టా
మాది ఏపీ. పర్మిట్ రూమ్ తీసేస్తే పోతుందనుకునేవాళ్లకి మా ఊరి సంగతి చెప్తా. 2019లో ప్రభుత్వ షాపులు వచ్చాక పర్మిట్ రూములు ఎత్తేశారు, బానే ఉందనుకున్నాం, రెండు నెలల్లో మొత్తం సిట్టింగు చెరువు గట్టుకీ హైస్కూల్ గ్రౌండ్‌కీ మారింది. మా బాబాయ్ పొలంలో గాజుపెంకులు ఏరలేక నాట్లకి కూలోళ్లు మేం దిగం అన్నారు. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు 3,396 వచ్చాయి, 2025లో పర్మిట్ రూములు కూడా మళ్లీ తెచ్చారు. రెండూ చూశా కాబట్టి చెప్తున్నా, రూమ్ ఉందా లేదా అన్నదాని కంటే దాన్ని రాత్రి పూట వచ్చి చూసే నాథుడు ఉన్నాడా అన్నదే అసలు ప్రశ్న.

ఆటో_నంబర్_తొమ్మిది
అక్కా నువ్ చెప్పింది తప్పనను, కని నేను తాగేటోన్నే కాబట్టి నా మాట గూడ విను. మాకున్నది ఒక్కటే రూము, పిల్లలు సదువుకుంటరు, ఇంట్ల తాగొద్దని నేనే అనుకున్న. బార్ల కూసుంటే అదే క్వార్టర్‌కు ఎక్కువ పైసలు. పర్మిట్ రూముల నిలవడనీకి జాగ ఉండది, బాత్రూముకు తాళమేసి ఉంటది, ఇగ యాడికి పోతరు గోడ పక్కకే పోతరు. పోలీసులొస్తే దొరికేది మేమే, పెట్టీ కేసు రాస్తరు, పొద్దుగాల కోర్టుకు పోవాలె, ఆ రోజు కిరాయి పాయె. జాగ సూపియ్యకుండ సీసలు అమ్మినోనికి మాత్రం ఏం గాదు.

రిటైర్డ్_శానిటరీ
ముప్పై ఏళ్లు మున్సిపాలిటీలో పనిచేశానమ్మా. "మా చేతుల్లో లేదు" అన్నమాట సగమే నిజం. లైసెన్స్ వాళ్లది కాదు, నిజమే. కానీ ఆ పకోడి బండి, రోడ్డు ఆక్రమణ, చెత్త, ఆ షెడ్డుకి పర్మిషన్ ఉందా లేదా, ఇవన్నీ మున్సిపాలిటీవే. ఆ బండిని కదిలిస్తే సగం గుంపు కదులుద్ది.

దూరం రూలు చూసుకోండి. బడి, గుడి, ఆస్పత్రికి 100 మీటర్లు అంటారు గానీ అందులో మెలికలున్నాయి, బడికి గుర్తింపు ఉండాలి, గుడి ఎండోమెంట్స్‌లో రిజిస్టర్ అయి ఉండాలి, ప్రైవేటు ఆస్పత్రికి 30 పడకలుండాలి. మీ పాప వెళ్లే ట్యూషన్ సెంటర్ ఆ లెక్కలోకి రాదు.

ఇంకో దారి ఉంది, జనం వాడరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 133, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో సెక్షన్ 152. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, అంటే ఆర్డీవో లాంటి అధికారి దగ్గర పబ్లిక్ న్యూసెన్స్ తొలగించమని అర్జీ పెట్టొచ్చు. 1980లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన మధ్యప్రదేశ్ రత్లాం మున్సిపాలిటీ కేసు ఆ పాత 133 మీదే, వీధిలోకి ఆల్కహాల్ ఫ్యాక్టరీ మురుగు, కాలవల కంపు, జనం కోర్టుకెక్కారు. మా దగ్గర డబ్బుల్లేవు అని మున్సిపాలిటీ అంటే జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఒప్పుకోలేదు, పని చేసి తీరాల్సిందే అన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కమిషనర్ గారు ఆ తీర్పు మాతో చదివించారు.

ఉట్నూరు_పిల్ల
వార్డు మాట అంటే కార్పొరేటర్ సంతకమే అనుకోవడం ఎందుకు? మా ఏజెన్సీ గ్రామాల్లో 1996 పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం గ్రామసభకి ఇవ్వాలి. ఆచరణలో బెల్టు షాపులు ఉన్నాయి, కాదనను, కానీ అడగడానికి చేతిలో చట్టమైనా ఉంది. మహారాష్ట్రలో ఓటింగే పెడతారు, నిలబడ్డ సీసా, పడుకున్న సీసా గుర్తులు, ఓటర్లలో సగానికి పైగా పడుకున్న సీసాకి వేస్తే షాపు మూత. కేరళలో లోకల్ బాడీ పర్మిషన్ ఉండేది, 2017లో ఆర్డినెన్స్‌తో తీసేశారు, అంటే ఇచ్చింది నిలబెట్టుకోవడం కూడా తేలిక కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో ఎన్‌వోసీ అడగలేదు, సారా దుకాణం ముందు నిలబడ్డారు, ఏడాది తిరిగేసరికి సారా నిషేధం వచ్చింది. మన దగ్గరే జరిగింది ఇది.

లీసెస్టర్_రాజు
ఇక్కడ ఇంగ్లండ్‌లో 2003 లైసెన్సింగ్ చట్టం కింద లైసెన్స్ ఇచ్చేదే కౌన్సిల్. ముఖ్యమైనది ఏంటంటే ఇచ్చాక కూడా పక్కింటివాళ్లు ఎవరైనా రివ్యూ అడగొచ్చు, విచారణ పెట్టి టైం తగ్గిస్తారు, కండిషన్లు పెడతారు, మరీ అయితే రద్దు. షాపతను బయట గుంపుతో నాకేం పని అనలేడు, పబ్లిక్ న్యూసెన్స్ ఆపడం ఆ చట్టం లక్ష్యాల్లో ఒకటి.

ముగ్గు_వాకిలి
అందరివీ రెండు సార్లు చదివిన. ముందుగా ఎన్‌వోసీ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా, లైసెన్స్ పార్ట్‌నర్ గారన్న మామూళ్ల భయం నిజమే. కానీ "నా చేతిలో లాఠీ లేదు" అన్నది మాత్రం ఒప్పుకోను సార్, మీ దగ్గర కొన్న సీసానే మా గోడ మీద ఖాళీ అవుతుంది. నాక్కావాల్సింది ఆ రివ్యూ లాంటిది, కాలనీలో ఇంతమంది సంతకం పెడితే అధికారి రాత్రి ఎనిమిదింటికి వచ్చి చూసి తీరాలి, పర్మిట్ రూమ్ నడపలేకపోతే ఆ పర్మిషన్ పోవాలి. అది వచ్చేదాకా 152 అర్జీ పెడతా. అంకుల్, ఫోటోలు ఎట్లా తీయాలి?

రిటైర్డ్_శానిటరీ
తేదీ, టైం పడేలా వారం రోజులు వరుసగా తియ్యండి, మీ గేటు, రోడ్డు కనపడాలి, మనుషుల మొహాలొద్దు. 100కి చేసిన కాల్స్ అన్నీ తేదీలతో రాసుకోండి. సోమవారం ప్రజావాణిలో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండమ్మా.

ఆటో_నంబర్_తొమ్మిది
అక్కా, ఆ బాత్రూం తాళం సంగతి గూడ అర్జీల రాయి.