దెయ్యాలున్నాయంటూ దేవుణ్ణి కాదనడం కుదురుతుందా?

నిశాచరి: టెలిపతీ (మాటల్లేకుండానే ఒకరి మనసులోది మరొకరికి తెలియడం) ఉందని నమ్ముతాను. చనిపోయాక మనలో ఏదో మిగులుతుందనీ నమ్ముతాను. మతం మీద మాత్రం నమ్మకం లేదు. ఈ మాటంటే భక్తులూ నవ్వుతారు, నాస్తికులూ నవ్వుతారు. ఒకటి ఒప్పుకుంటే రెండోదీ ఒప్పుకోవాలని రూలుందా?

తర్కం_రాజు: రుజువు లేదని దేవుణ్ణి వద్దన్నవారు దెయ్యాన్ని మాత్రం ఏ రుజువుతో రానిచ్చారు?

నిశాచరి: రుజువు లేదని వద్దనలేదండీ. దెయ్యం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నన్ను మొక్కమనదు, ఎలా బతకాలో చెప్పదు, అనుమానిస్తే పాపమనదు. పైగా టెలిపతీని పరీక్షకు పెట్టొచ్చు. అందుకు 1930లలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు జె.బి. రైన్ వాడిన కార్డులు 25, వాటి మీద గుర్తులు 5 రకాలు. కనబడని కార్డు మీద గుర్తేదో గుడ్డిగా చెప్పినా సగటున 5 సరిపోతాయి. అంతకు మించి పదేపదే వస్తేనే లెక్క. అదే మొక్కు ఫలించకపోతే? నీ భక్తి చాల్లేదంటారు.

తర్కం_రాజు: ఆ పరీక్షలో నెగ్గలేదు కదా మరి! వేరే ల్యాబుల్లో ఆ ఫలితాలు నిలవలేదు. ఆత్మల చప్పుళ్లంటూ 1848 నుంచి పేరు మోసిన ఫాక్స్ అక్కచెల్లెళ్లలో మార్గరెట్, 1888లో న్యూయార్క్ వేదికెక్కి, అదంతా తన కాలివేళ్ల కీళ్ల టకటకేనని చేసి చూపించింది. (మరుసటి ఏడాది మాట మార్చిందనుకోండి.) ఆత్మలతో మాట్లాడేవాళ్లు ఆగారా?

పాతపుస్తకం: కుదురుతుందా అన్నదే ప్రశ్నయితే, ఎప్పుడో కుదిరింది. చర్చి సిద్ధాంతాలకు మనసొప్పక తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్ 1869లో కేంబ్రిడ్జ్‌లో ఫెలోషిప్ (కాలేజీ పదవి) వదులుకున్నాడు. 1882లో అతీంద్రియ విషయాల పరిశోధనకు లండన్‌లో పెట్టిన సంఘానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. తత్వవేత్త మెక్‌టాగర్ట్ దేవుడు లేడన్నాడు, పునర్జన్మ ఉందన్నాడు. జైనులూ ఆత్మను, కర్మను ఒప్పుకుని సృష్టికర్తను కాదన్నవారే. అదీ మతమే అంటారా, నిజమే.

తులసిమాల: దేవుణ్ణి కార్డులతో పరీక్షించి నమ్మేదేముంది? కష్టంలో తలుచుకోవడానికి ఒకరున్నారన్న ధైర్యం మాది. మీ టెలిపతీ ఎవరి కన్నీళ్లు తుడిచింది?

నిశాచరి: తుడవదమ్మా. అందుకని నాకు నిజమనిపించనిది నిజమనలేను కదా.

తర్కం_రాజు: ఒక్కటి చెప్పండి. ఏం తేలితే మీరు టెలిపతీని వదిలేస్తారు?

నిశాచరి: రెండు వేర్వేరు ల్యాబులు, ముందే రాసిపెట్టిన పద్ధతి, నమ్మనివాళ్ల కాపలా. అప్పుడూ సగటు 5 దగ్గరే ఆగితే వదిలేస్తాను. చనిపోయాక మిగిలేదాని సంగతి మాత్రం అడక్కండి. దానికే పరీక్ష పెట్టాలో నాకూ తోచడం లేదు.

తర్కం_రాజు: అయితే ఆ సగం భక్తి ఖాతాలో రాసుకోండి.