10 ఎకరాల మెట్ట బీడులో ఎన్ని గొర్రెలు మేపొచ్చు? ఊరి లెక్క నిజమా, తూకం నిజమా?

మెట్టచేను: గుంటూరు దగ్గర, కొండవీడు కొండల వైపు 10 ఎకరాల బీడు. ఎకరానికి 5 జీవాలని ఊళ్ళో చెబుతున్నారు, అంటే 50. ఇది నిలుస్తుందా?

గడ్డిపరక: నిలవదు. తూచి చూడండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఇనుప చట్రం తీసుకుని, అక్టోబరులో గింజ పట్టాక బీడును రెండు మూలల మీదుగా నడవండి. 40 అంగలకొకచోట చట్రం పెట్టండి. గడ్డి బాగున్న చోటు వెతక్కండి, అక్కడే లెక్క చెడేది. అలా 20 చోట్ల కోసి తూచి, పావు కిలో నమూనా 5 రోజులు ఎండబెట్టి మళ్ళీ తూచండి. చదరపు మీటరుకు పచ్చిది 500 గ్రాములు, ఎండితే 150 అనుకుందాం. ఎకరానికి సుమారు 600 కిలోలు, మొత్తం 6,000. తంగేడు, సర్కారు తుమ్మ ఆక్రమించిన 20 శాతం తీసేస్తే 4,800. అందులో 30 శాతమే నోటికి లెక్కేయండి: 1,440. సగం దుబ్బుకు వదలాలి, మిగతాది తొక్కుడుకు, పురుగుకు పోతుంది. 30 కిలోల గొర్రెకు రోజుకు కిలో ఎండుమేత కావాలి. ఏడాదికి నాలుగు గొర్రెలు, అంతే. పచ్చి బరువుతోనే లెక్కేస్తే 13 వస్తుంది, చాలామంది పొరపాటు అదే.

మందదారి: గడ్డిపరక గారూ, నాలుగంటే ఇక్కడ ఎవరూ మంద పెట్టరు. మన మందలు 12 నెలలూ బీడులో ఉండవు. పత్తి ఆఖరి తీత అయ్యాక చేలల్లోకి దిగుతాయి, వరి కోతయ్యాక మాగాణికి పోతాయి, రైతు ఎరువు కోసం మంద కట్టించుకుంటాడు. ఆ మేత మీ చట్రంలో పడదు.

గడ్డిపరక: ఒప్పుకుంటాను. అందుకే తలల లెక్క వదిలి రోజుల లెక్క పట్టండి. 1,440 కిలోలంటే 50 గొర్రెలకు 29 రోజులు. మిగతా 11 నెలలు ఎక్కడ మేపుతారో నెలనెలా రాసి చూడండి. ఏప్రిల్, మే ఖాళీగా కనిపిస్తే ఆ నెలల్లో ఎన్నిటికి మేత దొరుకుతుందో అదే మీ మంద సైజు. చేలల్లోకి తోలేముందు ఆఖరి మందు ఎప్పుడు కొట్టారో అడగండి. కోసిన జొన్న మోళ్ళ నుంచి లేచిన పిలకల దగ్గరకు పోనివ్వకండి, వాటిలోని నాము (లేత జొన్నలో ఉండే విషం) ప్రాణం తీస్తుంది.

కొండమేక: మేకలైతే లెక్క మారుతుంది. రేగు, దిరిసెన ఆకు, తుమ్మకాయ చట్రంలోకి రావు, కానీ మేక కడుపు వాటితోనే నిండుతుంది. సర్కారు తుమ్మకాయ మాత్రం జాగ్రత్త: గింజ అరగదు, పెంటికలతో బీడంతా మొలుస్తుంది.

మెట్టచేను: ఇప్పటికే జీవాలు మేస్తున్నాయి కదా, అక్టోబరులో కోస్తే మిగిలిందే కదా తూకానికొచ్చేది?

గడ్డిపరక: అవును. జూన్ వానలకు ముందే నాలుగు చోట్ల ముళ్ళకంపతో దడి కట్టి, తూకం కోసం దాని లోపలే కోయండి. దడి బయట చెంగలి గడ్డి దుబ్బు పక్కన కూర్చుని చూడండి: కాడలు రెండంగుళాల కంటే కిందికి కొరికి, మొదలు తెల్లగా బయటపడితే ఆ రోజే మందను మళ్ళించాలి. గింజ రాలేదాకా కనీసం మూడెకరాలు ముట్టుకోకండి. గింజ రాలకుండా పోతుంటే ఆ చోటు వయ్యారిభామకు పోవచ్చు.