ఉత్తర సముద్రంలో సాండ్ ఈల్ వేట ఆపడం సబబేనా?

ఉప్పుగాలి:
2024 మార్చి నుంచి ఇంగ్లండ్ వైపు ఉత్తర సముద్రంలోనూ, స్కాట్లాండ్ జలాలన్నిటిలోనూ సాండ్ ఈల్ అనే సన్నటి చిన్న చేప వేట బంద్, సముద్రపక్షులకు తిండి మిగలాలని. ఎక్కువ దెబ్బ డెన్మార్క్ బోట్లకే. గొడవ హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కోర్టు దాకా వెళ్లింది. 2025 మేలో తీర్పొచ్చింది: స్కాట్లాండ్ చేసింది సరే, ఇంగ్లండ్ జలాల విషయంలో మాత్రం యూరప్ బోట్ల హక్కుల్ని సరిగా తూచలేదని. నిషేధం అలాగే ఉంది. నా ఓటు నిషేధానికే. అక్కడి తీరంలో పఫిన్ అనే సముద్రపక్షిని ఒకదాన్ని దగ్గర్నుంచి చూశాను. ముక్కులో అడ్డంగా ఎనిమిదో తొమ్మిదో వెండి తీగల్లాంటి సాండ్ ఈల్ చేపలు, తోకలు అటూ ఇటూ వేలాడుతూ. అన్నీ బొరియలో ఉన్న ఒక్క పిల్లకే!

చెరువుగట్టు:
జాలి సరేనండీ. ఆ చేపను పట్టేది కూరకి కాదు, పొడికీ నూనెకీ. అవి సాల్మన్ మేతలోకి వెళ్తాయి. మా భీమవరం వైపు రొయ్య మేతలోనూ చేపపొడి ఉంటుంది. బస్తా రేటు పెరిగితే టెన్షన్ మాకు. అక్కడ వేట ఆగితే ఇంకో సముద్రం మీద పడతారు, అంతే.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ అసలు చేపని వదిలేశారు. పేరులో ఈల్ ఉన్నా అది మలుగుపాము కాదు. నీళ్లలో తేల్చే గాలితిత్తి లేదు, ఈదడం ఆపితే మునగడమే. రాత్రిళ్లు ఇసుకలో దూరి పడుకుంటుంది. చలికాలమంతా దాదాపు అక్కడే, గుడ్లు పెట్టడానికి మాత్రం డిసెంబరు, జనవరిల్లో ఒకసారి పైకొస్తుంది. ఏ ఇసుకంటే ఆ ఇసుక పనికిరాదు. బురద కలిస్తే మొప్పలు పూడుకుపోతాయి, గరుకు ఇసుకే కావాలి. ఒకచోట స్థిరపడ్డ పెద్ద చేపలు దూరం పోవు. అందుకే ఒక దిబ్బ ఖాళీ అయితే పక్క దిబ్బ చేపలొచ్చి నింపవు. ఇక దాని తిండి కాలానస్ అనే చల్లనీటి సన్న జీవి. నీళ్లు వేడెక్కి అది ఉత్తరానికి జరిగిపోతోంది. వల ఆపగలం, వేడిని ఆపగలమా?

ఉప్పుగాలి:
మరి 2000లో స్కాట్లాండ్ తూర్పు తీరంలో వేట ఆపాక కిట్టీవేక్ అనే సముద్రపక్షి పిల్లలు బాగా బతికాయి కదా మాస్టారూ?

లెక్కలమాస్టారు:
బతికాయి, కాదనను. కానీ ఆ లాభం కిట్టీవేక్‌లోనే తేలింది. అది నీటి పైపైన దొరికిందే తింటుంది, చేప తగ్గితే ముందు దాని కడుపే మాడుతుంది. లోతుకి మునిగి పట్టే పఫిన్‌లో అంత తేడా కనబడలేదు.

చెరువుగట్టు:
అంటే పఫిన్ సాక్ష్యం చెల్లదన్నమాట 😀

ఉప్పుగాలి:
సరే, పఫిన్‌ని వెనక్కి తీసుకుంటున్నా. కిట్టీవేక్ ఒక్కటి చాలు నాకు. ఓటు మారదు.