మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’: డెట్రాయిట్ మిక్స్‌ను విని గుర్తుపట్టడం ఎలా?

అమెరికన్ గాయకుడు మార్విన్ గే 1971లో మోటౌన్ రికార్డు సంస్థకు చేసిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్‌కు రెండు మిక్స్‌లు (విడివిడిగా రికార్డు చేసిన గొంతులను, వాయిద్యాలను పాళ్లు కుదిర్చి కలిపిన రూపాలు) ఉన్నాయి. ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో సిద్ధమైన మొదటి దానిని పక్కన పెట్టి, లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ చేసిన మిక్స్‌నే మే నెలలో విడుదల చేశారు. డెట్రాయిట్ మిక్స్ 2001 నాటి డీలక్స్ ఎడిషన్‌తో గానీ శ్రోతలకు అందలేదు.

నా దగ్గర సీడీల నుంచి ఎక్కించుకున్న రెండు సెట్ల ఫైళ్లు ఉన్నాయి, ఒక్కో మిక్స్‌కు ఒకటి. హార్డ్‌డిస్క్ మార్చినప్పుడు వాటి వివరాలు చెరిగిపోవడంతో ఏది ఏ మిక్సో తెలియడం లేదు. నిడివిని బట్టి తేల్చుదామంటే, పాటలు ఒకదానిలోంచి మరొకదానిలోకి ఆగకుండా సాగుతాయి కనుక ట్రాక్ హద్దులను నమ్మలేకపోతున్నాను. ఒక సెట్ ఫేజ్‌ను (ధ్వని తరంగాన్ని) తలకిందులు చేసి రెండవదానితో కలిపితే, రెండూ ఒకటే అయితే ఒకదానినొకటి రద్దు చేసుకుని నిశ్శబ్దం రావాలి; అలా రాలేదు. అయితే ఒకే మిక్స్‌కైనా రీమాస్టరింగ్ (కొత్త విడుదల కోసం ధ్వనిని మళ్లీ సరిదిద్దడం) తేడా వల్ల కూడా అలాగే జరుగుతుంది. టైటిల్ పాటలో గే గొంతు రెండుగా వినిపించడం ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ప్రాణమైన విషయం. రికార్డింగ్ ఇంజనీరు అనుకోకుండా రెండు టేకులను (ఒకే పాటను రెండుసార్లు పాడిన రికార్డింగులను) కలిపి వినిపించగా గే దానిని అలాగే ఉంచుకున్నారు. కానీ ఆ పాట రెండు మిక్స్‌లకూ ముందే, జనవరిలోనే సింగిల్‌గా (విడి పాటగా) వచ్చింది కాబట్టి, ఆ గుర్తు ఇక్కడ పనికిరాదు. హెడ్‌ఫోన్స్‌లో ఒక సెట్‌లో జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ కాస్త ముందుకు వచ్చినట్లు, రెండవదానిలో వయొలిన్లు విశాలంగా పరుచుకున్నట్లు అనిపిస్తున్నా, అంతమాత్రంతో నిర్ణయించడం సరికాదు.

రెండు మిక్స్‌లనూ శ్రద్ధగా విన్నవారు చెప్పగలరా: ఏ పాటలో, ఏ నిమిషం దగ్గర, ఏ వాయిద్యాన్ని లేదా గొంతును బట్టి డెట్రాయిట్ మిక్స్‌ను రూఢిగా గుర్తించవచ్చు?