కాలిపర్ బ్రాకెట్ బోల్టు తల అరిగిపోయింది, తీసే మార్గం చెప్పగలరు

ప్రశ్న (నల్లగొండ నుంచి):
సభ్యులందరికీ నమస్కారం. మా కారు ముందు చక్రానికి బ్రేకు డిస్కు మార్చడం మొదలుపెట్టాను. కాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మోసే బ్రాకెట్‌ను పట్టి ఉంచే రెండు బోల్టుల్లో పైది వచ్చింది గానీ, కింది 17 ఎం.ఎం. బోల్టు కదలకపోగా, పానా జారి తల మూలలు అరిగిపోయాయి. వానాకాలమంతా పొలం బాటల్లో తిరిగిన బండి కావడంతో తుప్పు బాగా పట్టింది. గ్యాస్ మంట పెట్టమని ఒకరు, తల కోసి డ్రిల్ చేయమని మరొకరు అంటున్నారు. బ్రేకు గొట్టం పక్కనే ఉందని ఆగాను.

జవాబు (మిర్యాలగూడ నుంచి):
అన్నగారూ, ఆగి మంచి పని చేశారు. తల అరిగిన బోల్టును తీయవచ్చు. విరిగి లోపల ఉండిపోతేనే పని పెద్దదవుతుంది. అందుకని పానాకు పైపు తొడిగి లాగకండి.

బండిని జాకీ మీద వదలకుండా స్టాండు మీద నిలిపి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పితే చేయి పట్టే చోటు దొరుకుతుంది. స్లైడు పిన్నుల (కాలిపర్ అటూఇటూ జరిగే కడ్డీల) బోల్టులు విప్పి కాలిపర్‌ను వేరు చేసి, గొట్టం మీద బరువు పడకుండా తీగతో స్ప్రింగుకు కట్టేయండి. మీరు భయపడుతున్న గొట్టం దాంతోనే పక్కకు పోతుంది. ఈ బోల్టు తల చక్రం లోపలి వైపు ఉంటుంది కనుక, బయట కూర్చుని వెనక్కి చేయి పెట్టి తిప్పేవారు విప్పుతున్నామనుకుని బిగిస్తుంటారు. తలకు ఎదురుగా చూస్తూ అపసవ్య దిశలోనే తిప్పాలి.

మరల చుట్టూ తీగ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి, తల మీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేసి రాత్రంతా వదిలేయండి. ఆ అదురుకే నూనె సందుల్లోకి దిగుతుంది. తెల్లారి ఒక సైజు చిన్నదైన ఆరు మూలల 16 ఎం.ఎం. సాకెట్‌ను తల మీద సుత్తితో కొట్టి దించేయండి. పన్నెండు మూలల సాకెట్ ఇక్కడ పనికిరాదు, మిగిలిన మూలలను కూడా అదే తినేస్తుంది. బోల్టు కాస్త కదిలిందంటే సంబరపడి ఒకేసారి లాగకుండా, పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ నూనె వేస్తూ రండి.

అప్పటికీ రాకపోతేనే వేడి. మంట బోల్టు తలకు కాకుండా దాని చుట్టూ ఉన్న లోహానికి చూపాలి. అది వ్యాకోచించి మర పట్టు సడలుతుంది. కంపెనీలో ఎర్ర లాక్ జిగురు (మర వదులు కాకుండా పూసేది) వేసి బిగించి ఉంటే, సుమారు 250 డిగ్రీల వేడికి గానీ అది మెత్తబడదు. మంటకు ముందు నూనె పూర్తిగా తుడవండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట గానీ వెల్డింగ్ గానీ చేయవద్దు, ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది. బాల్ జాయింట్ రబ్బరును, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తీగను తడిగుడ్డతో కాపాడుకోండి.

మరొక జవాబు (జడ్చర్ల నుంచి):
పై సలహాకు వెల్డింగ్ సంగతి కలుపుతున్నాను. అరిగిన తల మీద కొత్త నట్టు పెట్టి, దాని రంధ్రంలోంచి వెల్డ్ చేయిస్తే పానాకు పట్టు దొరుకుతుంది, ఆ వేడికి తుప్పు కూడా వదులుతుంది. బ్యాటరీ నెగటివ్ తీగ ముందే విప్పించండి. ఎర్త్ క్లాంపును బోల్టు ఉన్న భాగానికే, దగ్గరలోనే పట్టించాలి. డిస్కుకో హబ్బుకో పట్టిస్తే కరెంటు బేరింగు గుండా పోయి దాన్ని పాడుచేస్తుంది.

డ్రిల్లింగ్ చివరి మార్గం. నడిమధ్యన పంచ్ గుర్తు పడకపోతే బిట్టు పక్క మరలను తినేస్తుంది. లోపల ఈజీ అవుట్ (విరిగిన బోల్టును తిప్పి బయటికి లాగే ఎదురు మరల పనిముట్టు) విరిగితే ఆ గట్టి ఉక్కును మామూలు బిట్టు తొలవలేదు. అంతవరకు వస్తే ఆ భాగాన్ని విప్పి లేత్ పనివారికి ఇవ్వడమే మేలు.

కొత్త బోల్టు మాత్రం పాతదాని తల మీద ఉన్న 8.8 లేదా 10.9 అంకె (బోల్టు బలాన్ని తెలిపేది) చూసి, అదే పొడవు, అదే మరతో కంపెనీ విడిభాగంగానే తీసుకోండి. బ్రేకును పట్టి ఉంచేది అదే కనుక హార్డ్‌వేర్ దుకాణంలో దొరికిన బోల్టుతో సరిపెట్టవద్దు. మర శుభ్రం చేసి, బండి సర్వీసు పుస్తకంలో ఉన్న టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి.