పెద్ద కంపెనీ నుంచి బిల్లు 90 రోజులైనా రావడం లేదు, సంబంధం చెడకుండా ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో మూడు సీఎన్‌సీ లేత్‌లతో (కంప్యూటర్‌తో నడిచే లోహం చెక్కే మెషీన్లు) చిన్న షాపు నడుపుతున్నాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉంది. కార్ల కంపెనీలకి విడిభాగాలిచ్చే ఒక పెద్ద సంస్థకి స్టీలు బుష్‌లు (మధ్యలో రంధ్రం ఉండే గొట్టం ముక్కలు) చేసిస్తాం. నా పనిలో ముప్పావు వంతు వాళ్లదే.

మొదట్లో మా మాల్ రిజెక్ట్ అయినప్పుడు వాళ్ల క్వాలిటీ ఇంజనీరే షాపుకొచ్చి, మెషీన్ పక్కన నిలబడి, బోర్‌లో (రంధ్రంలో) ప్లగ్ గేజ్, అంటే సైజు సరిచూసే కడ్డీ, నెట్టకుండా దాని బరువుకే ఎలా దిగాలో మా కుర్రాళ్లకి చూపించాడు. ఆ మేలు మర్చిపోలేను. పర్చేజ్‌లో మనుషులు మారాక 45 రోజుల పేమెంటు 90కి పోయింది. స్టీలు రాడ్లకి మాత్రం నేను ముందే డబ్బు కట్టాలి.

చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఏదున్నా పేమెంటు 45 రోజులు దాటకూడదు, దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పెడితే మర్నాడే ఆర్డరు పక్క షాపుకి పోతుందని భయం. పదకొండు మంది జీతాలు దానిమీదే ఉన్నాయండీ.

ట్రెడ్స్‌లో (చిన్న షాపుల బిల్లుల మీద అప్పిచ్చే ఆన్‌లైన్ వేదిక) బిల్లు పెడితే ఫైనాన్షియర్లు ముందే డబ్బిస్తారు, కానీ కొన్న కంపెనీ దాన్ని ఒప్పుకోవాలి. వీళ్లు అందులో చేరారు, నేను ఎక్కించినవి మాత్రం ఒప్పుకోవడం లేదు.

ఇలా ఇరుక్కుని బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా? పర్చేజ్‌ని పట్టుకోవాలా, నేరుగా ఫైనాన్స్ వాళ్లనా? ఫిర్యాదు పెట్టాక కూడా ఆర్డర్లు నిలిచినవాళ్లుంటే దయచేసి చెప్పండి.